శంఖం ఏ చేతిలో ఉండాలి?

హైదరాబాదు శిల్పారామంలో అది నా మొదటి స్టాల్. మూడో రోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చి, వెనక తడికకు వేలాడదీసిన వెంకటేశ్వరస్వామి ముందు నిలబడ్డాడు. దండం పెట్టలేదు, ధర అడగలేదు, ఊరికే చూస్తూ ఉన్నాడు. కొనేవాళ్లు అట్లా చూడరు. ముందు ధర చీటీ తిప్పి చూస్తారు.

“ఏమ్మా, నువ్వే గీసినావా?”

“నేనే సామీ.”

“బాగుంది. ఆయనకు చక్రం ఏ చేతిలో ఉంటాదమ్మా?”

వెనక్కి తిరిగి చూశాను. చక్రం ఎడమ చేతిలో ఉంది, శంఖం కుడి చేతిలో ఉంది. “కింది చేతులు కూడా చూడు” అన్నాడాయన. పాదాలను చూపించాల్సిన కుడి చెయ్యి నడుం మీద ఉంది, నడుం మీద ఉండాల్సిన ఎడమ చెయ్యి పాదాలను చూపిస్తోంది. రెండు వారాలు నా కళ్ల ముందే ఉన్న గుడ్డ అది. గీసింది నేను, రంగులేసింది నేను, ఉతికి ఆరేసి మడిచి బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చింది నేను. ఒక్కసారి కూడా కంటికి ఆనలేదు.

జరిగింది చాలా చిన్న పొరపాటు. ఒకే బొమ్మ నాలుగైదు గుడ్డల మీద కావాలంటే ముందు కాగితం మీద గీసుకొని, గీతల వెంట సూదితో సన్నగా చిల్లులు పొడుచుకుంటాను. ఆ కాగితం గుడ్డ మీద పరిచి, బొగ్గుపొడి మూటతో అద్దితే చుక్కలు పడతాయి. ఆ చుక్కలు కలుపుకుంటూ పోవాలి. చిల్లుల కాగితం ఏ పక్క నుంచి చూసినా ఒకటే. నేను తిరగేసి పరిచాను. పూలతీగ అయితే ఎవరికీ పట్టేది కాదు. దేవుడు కాబట్టి పట్టింది.

అప్పటికే అట్లాంటివి రెండు అమ్మేశాను. ఒకరి ఫోన్ నంబరు బిల్లు పుస్తకంలో ఉంటే ఫోన్ చేసి, క్షమించమని అడిగి, ఇంకోటి గీసి పంపాను. రెండో గుడ్డ ఎవరింట్లో ఉందో ఈ రోజుకీ తెలియదు. ఎవరి పూజగదిలోనో స్వామి ఎడమ చేత్తో చక్రం పట్టుకొని నిలబడి ఉన్నాడు. పెద్దాయన ఏమీ కొనలేదు. “బాధపడకమ్మా, దిద్దుకో” అని చెప్పి పోయాడు.

ఈ మధ్య ఆడపిల్లలు చాలామంది ఫోన్ చేసి, “అక్కా, దేవుడి బొమ్మలు, పాతకాలం డిజైన్లు చేత్తో చేసి అమ్మాలనుకుంటున్నాం, ఎట్లా మొదలుపెట్టాలి?” అని అడుగుతున్నారు. వాళ్లకు పెట్టుబడి సంగతి కన్నా ముందు ఈ శంఖం కథ చెబుతాను. సంచి మీద పువ్వు వంకరగా ఉంటే కొన్నవాళ్లు సర్దుకుంటారు. దేవుడి గుడ్డ కొన్నవాళ్లు రోజూ పొద్దున దానికి దీపం చూపిస్తారు. మన తప్పుకు కూడా హారతి ఇస్తారు.

మాది శ్రీకాళహస్తి. ఇక్కడ కలంకారి అంటే చేత్తో గీసేది. పాతవాళ్లు దీన్ని వ్రాతపని అనేవారు. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో వేసేది అద్దకం. అదీ చేతిపనే, దాన్ని తక్కువ చేయకూడదు. పని వేరు, అంతే. మా వాళ్లు గుళ్లకు తెరలు, రథాలకు గుడ్డలు, గోడకు వేలాడదీసే రామాయణ భారతాలు గీసేవారు. నడుమ పెద్ద దేవుడి బొమ్మ, చుట్టూ వరసలు వరసలుగా కథ, ప్రతి వరస కింద తెలుగులో రాత. 1880ల ప్రాంతంలో కాళహస్తికి చెందిన పంచకళ్ల పెద సుబ్బరాయుడు గీసిన రామాయణం గుడ్డ లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఇక్కడ పని దాదాపు ఆగిపోయింది. 1950ల చివర కమలాదేవి చటోపాధ్యాయ పూనుకొని ఊళ్లో శిక్షణ కేంద్రం పెట్టించారు. అక్కడ జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు నేర్పారు. ఆయన కొడుకు గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఈ ఊళ్లో ఈ రోజు కలం పట్టినవాళ్లలో ఎక్కువమంది ఆ కేంద్రం పేరు చెప్పుకొనేవాళ్లే, లేదంటే అక్కడ నేర్చినవాళ్ల దగ్గర నేర్చినవాళ్లే.

నేను ఆ కేంద్రంలో చదవలేదు. పదిహేనేళ్లప్పుడు మా వీధిలో ఒక పెదనాన్న దగ్గర రంగులు నింపడానికి కూలికి పోయాను. గీత ఆయనది, ఎరుపు పసుపు మావి. ఏడెనిమిది మంది ఆడవాళ్లం నేల మీద కూర్చొని పొద్దుగూకేదాకా నింపేవాళ్లం. గీత గీసినవాళ్లకు పేరు, రంగు నింపినవాళ్లకు కూలి. ఇది ఫిర్యాదు కాదు, అప్పటి పద్ధతి. కానీ పదకొండేళ్లు పని చేసినా నా చేత్తో ఒక్క కన్ను గీయలేదు. కన్ను ఆఖర్న ఆయనే పెట్టేవాడు. పెళ్లయ్యాక పని మానేశాను. మళ్లీ కలం పట్టేసరికి ముప్పై నాలుగేళ్లు.

పట్టడానికి ఒక కారణం ఉంది. 2010 మే 26 రాత్రి మా ఊరి రాజగోపురం కూలిపోయింది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గోపురం. పుట్టినప్పటి నుంచి కిటికీ తెరిస్తే కనిపించేది, తెల్లారేసరికి రాళ్ల గుట్ట. ఊరంతా అక్కడే నిలబడింది. ఆ తర్వాత రాహుకేతు పూజకు వచ్చే యాత్రికులు దుకాణాల్లో “పాత గోపురం ఫోటో ఉందా?” అని అడగడం విన్నాను. ఫోటోలు ఉన్నాయి, గుడ్డ మీద గీసింది లేదు. నాకు గుర్తున్నట్టు గీశాను. అడుగు గుడ్డ, నలుపూ ఎరుపూ మాత్రమే. అంతస్తుల లెక్క కూడా మొదట తప్పాను. గుడి దగ్గర పూలు అమ్మే మా పిన్ని తన బండి మీద పెట్టుకొని నూటయాభైకి ఒకటి చొప్పున అమ్మి పెట్టింది. అదే నా వ్యాపారం పుట్టుక. ఇప్పుడు ఆ చోటే కొత్త గోపురం లేచింది. నా దగ్గర మాత్రం ఇంకా పాతదే అడుగుతారు.

పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ధర అంతా అక్కడి నుంచే వస్తుంది.

ముందు తెల్లబరచని గాడా గుడ్డను ఉతికి గంజి పోగొట్టాలి. కరక్కాయ పొడిని బర్రె పచ్చిపాలలో కలిపి, ఆ గుడ్డను అందులో ముంచి, పిండి, ఎండలో ఆరేయాలి. పాలలో కొవ్వు ఉండబట్టి గీసేటప్పుడు రంగు పక్కకు పాకదు. ఆ వాసన మా ఇంట్లో గోడలకు పట్టింది. ఆరేసిన గుడ్డ చుట్టూ ఈగలు, నాకేందుకు వచ్చే పిల్లి, ఇవన్నీ మా సంస్థ సిబ్బంది అంటాడు మా అబ్బాయి.

కలం అంటే వెదురు పుల్ల. ఒక కొన చెక్కి, దానికి కొంచెం పైన ఉన్నిగుడ్డ పీలికలు చుట్టి, దారంతో ఉండలా బిగిస్తాం. ఆ ఉండే సిరాబుడ్డి. వేళ్లతో ఎంత నొక్కితే అంత దిగుతుంది. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు లేతగా గీసుకొని, దాని మీద నల్లరంగుతో పక్కా గీత వేయాలి. ఆ నల్లరంగు చేసేది తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లతో. కుండలో మూత పెట్టి మూడు వారాల దాకా పులియబెడతాం. వడకడితే వచ్చేది నల్లగా ఉండదు. పలచని టీ నీళ్లలా ఉంటుంది. కలం గుడ్డకు తగలగానే కరక్కాయ, ఇనుము కలిసి ఆ టీ నీళ్లు మీ కళ్ల ముందే నల్లబడతాయి. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, ఇప్పటికీ మొదటి గీత వేసేటప్పుడు ఒక్క క్షణం ఆగి చూస్తాను. ఆ గీతను మళ్లీ తుడిపే దారి లేదు. అందుకే కళ్లు పొద్దున పూట గీస్తాను, ఇంట్లో ఎవరూ లేవకముందు.

ఎరుపు రావాల్సిన చోటల్లా పటిక నీళ్లు పూయాలి. పూసినప్పుడు ఏమీ కనిపించదు. ఆరబెట్టి, పారే నీళ్లలో ఉతికి, సురుడు చెక్కో మంజిష్ఠో వేసి కాగించిన నీళ్లలో గుడ్డను మరిగిస్తే పటిక తగిలిన చోటే ఎరుపు అంటుకుంటుంది. ఉతకడంలో బద్ధకిస్తే మిగిలిన పటిక పక్కకు పాకి సీతమ్మ బుగ్గ మీదికి ఎరుపు ఎక్కుతుంది. ఆ తర్వాత మళ్లీ పాలు, మళ్లీ ఎండ. అప్పుడు కరక్కపువ్వు పసుపు, నీలిమందు నీలం, పసుపు మీద నీలం వేస్తే ఆకుపచ్చ. ప్రతి రంగుకూ ఒక ఉతుకు.

ఉతకడమంటే బకెట్‌లో జాడించడం కాదు. పారే నీళ్లు కావాలి. స్వర్ణముఖి ఒడ్డున ఈ పని పుట్టడానికి గుడి ఎంత కారణమో నది అంత కారణం. ఇప్పుడు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. మా ఆయన ఆటోలో గుడ్డలు వేసుకొని ఒక రైతు బోరు దగ్గరికి పోతాం. రైతు మడికి నీళ్లు పెట్టే రోజు చూసుకొని కాలువలో ఉతుక్కుంటాం. ఆ రైతుకు ఇచ్చేది, ఆటో డీజిలు, నా పూట, ఇవన్నీ గుడ్డ ధరలోకి రావాలని నాకు చాలా ఏళ్లు తట్టలేదు.

శిల్పారామం స్టాల్ లెక్క చెబుతాను. రెండుముప్పావు అడుగుల గుడ్డలు, ఒక్కోటి 900 రూపాయలు. పది రోజుల్లో పద్నాలుగు పోయాయి. 12,600 తీసుకొని ఊరొచ్చి, ఇంటిల్లిపాదికీ బిర్యానీ తెప్పించాను. మా అబ్బాయి అప్పుడు ఇంటర్. నోటు పుస్తకంలో గీత గీసి లెక్క వేశాడు. సామాను ఒక్కో గుడ్డకు 250 చొప్పున 3,500. బస్సు, గది, తిండి కలిపి 5,000. మిగిలింది 4,100. “అమ్మా, ఒక గుడ్డకు ఎన్ని రోజులు?” మూడున్నర. పద్నాలుగింటికి నలభై తొమ్మిది, స్టాల్‌లో కూర్చున్న పది, మొత్తం యాభై తొమ్మిది రోజులు. రోజుకు డెబ్బై రూపాయలు కూడా పడలేదు. ఆ రోజుల్లో ఊళ్లో ఎవరి దగ్గరో రంగు నింపడానికి పోతే రెండొందలు ఇచ్చేవారు. ఓనరమ్మ కన్నా కూలమ్మే నయం. బిర్యానీ డబ్బులు లెక్కలో వేయలేదు వాడు.

ఆ రోజు నుంచి నా కూలి నేనే రాసుకుంటున్నాను. ఇప్పుడు అదే కొలత గుడ్డకు లెక్క ఇట్లా ఉంటుంది. గుడ్డ, పాలు, కరక్కాయ, రంగులు, ఉతుకు ఖర్చు కలిపి 340. మూడున్నర రోజులు, రోజుకు 500 చొప్పున 1,750. అట్ట గొట్టం, కొరియరు 180. ఇక్కడికి 2,270 అయింది. పదింట్లో ఒకటి ఎక్కడో మరక పడి చెడిపోతుంది, దాని భారం మిగిలిన వాటి మీద వేస్తే దాదాపు 2,500. ఆ పైన 500 వ్యాపారానికి. మొత్తం 3,000. ఇది నేను నేరుగా అమ్మితే. పట్నంలో దుకాణం 35 శాతం తనకు ఉంచుకుంటానంటే అక్కడ చీటీ మీద 4,600 పైన ఉంటే తప్ప నా చేతికి మూడు వేలు రాదు. కొనేవాళ్లకు 4,600 ఎక్కువ అనిపిస్తుంది. ఎక్కువే. అందుకని నా కూలి తగ్గించలేదు, గుడ్డ తగ్గించాను. అడుగు గుడ్డ, ఒక్క బొమ్మ, రెండే రంగులు, ఒకటే ఉతుకు, 850. అడిగిన ధరకు తగ్గట్టు పని తగ్గించుకోవచ్చు కానీ అదే పనికి ధర తగ్గించకూడదని నేర్చుకోవడానికి నాకు ఒక బిర్యానీ ఖర్చయింది.

అప్పు మీద సరుకు ఇవ్వడం ఇంకో పాఠం. ఒక పట్నం దుకాణం “అమ్మినప్పుడు డబ్బులిస్తాం” అని ఇరవై గుడ్డలు తీసుకుంది. ఎనిమిది నెలల తర్వాత పదకొండు తిరిగొచ్చాయి. అద్దాల బీరువాలో ఎండ పడే చోట వేలాడదీశారేమో, పసుపు వెలిసిపోయింది. కరక్కపువ్వు పసుపు ఎండకు నిలవదు. ఆ మాట నేను ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. ఇప్పుడు ప్రతి గుడ్డతో ఒక చీటీ పెడతాను. నేరుగా ఎండ తగలనీయొద్దు, అగరుబత్తి పొగకు జానెడు దూరం, మొదటి ఉతుకు విడిగా, చల్లని నీళ్లలో, నీడన ఆరేయండి. దుకాణాలకు సగం డబ్బులు ముందు ఇస్తేనే సరుకు.

డిజైన్ల సంగతి. నా గుడ్డల మీద అంచులు చూసి “ఇవి ఎక్కడివి?” అని అడుగుతారు. చాలావరకు లేపాక్షివి. వీరభద్రస్వామి గుడి పదహారో శతాబ్దంది, అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ కట్టించాడంటారు. అక్కడ పైకప్పు మీద బొమ్మలు, స్తంభాల మీద తీగలు చూస్తే అంచులకు ఈ జన్మకు కొదవ ఉండదు. మెడ పట్టేసేదాకా పైకి చూశాను. రెండో రోజు చాప తీసుకుపోయి వెల్లకిలా పడుకొని నోటు పుస్తకంలో గీసుకున్నాను. అక్కడి మగవాళ్ల తలల మీద పొడుగాటి కుళ్లాయిలు, ఆడవాళ్ల చీరల మీద ఒకదానికొకటి పోలని చారలు. ఏ ఒక్క చీరా ఇంకో చీరలా లేదు. ఐదొందల ఏళ్ల కిందటి ఆ చిత్రకారుడెవరో చీరల దుకాణంలో బేరం చూసి ఉంటాడనిపించింది.

పాత గుడి బొమ్మ చూసి గీసుకుంటే అడిగేవాళ్లు లేరు. కానీ బతికున్న కళాకారుడి గుడ్డను ఫోన్‌లో ఫోటో తీసుకొని గీస్తే అది దొంగతనం. పుస్తకంలో అచ్చయిన ఫోటో కూడా ఎవరో తీసినదే. కొత్తగా వచ్చే పిల్లలు ఇంటర్నెట్‌లో కనిపించిందల్లా దింపుతారు. దానికన్నా ఒక్క రోజు బస్సెక్కి ఒక గుడికి పోవడం మేలు. దేవుడి చేతులు లెక్కపెట్టుకోవడం కూడా అక్కడే నేర్చుకుంటారు.

మా దగ్గర ఎక్కువగా పోయే బొమ్మ పట్నంవాళ్లకు అంతగా తెలియదు. సాలెపురుగు, పాము, ఏనుగు మూడూ కలిసి శివలింగాన్ని కొలిచే బొమ్మ. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు, ఊరి పేరే ఆ కథ. కింద తెలుగులో రెండు ముక్కలు రాస్తాను, పాత గుడ్డల పద్ధతిలో. అమెరికాలో ఉండే మనవాళ్లు ఆ రాత కోసమే అడుగుతారు. డాలస్ నుంచి ఒకావిడ, “అక్షరాలు కొంచెం పెద్దవిగా రాయండి, మా పాప కూడబలుక్కొని చదువుతుంది” అంది. అప్పటి నుంచి అందరికీ పెద్దవే రాస్తున్నాను.

ఒకసారి ఒక చర్చి ఫాదరుగారు వచ్చి యేసు పుట్టుక గీయమన్నారు. మా ఊళ్లో యేసు కథ గీసినవాళ్లు ఇదివరకే ఉన్నారు, నేను గీయడం మొదటిసారి. పశువులపాక, గొర్రెలు, ముగ్గురు జ్ఞానులు, అన్నీ ఆయనే కాగితం మీద రాసిచ్చారు. మరియమ్మకు ఏ బట్టలు వేయాలో అడిగితే, “మీ ఊరి అమ్మలాగే గీయండమ్మా” అన్నారు. ఎర్రంచు చీర కట్టాను, లేపాక్షి చారలతో. మన మతం కానిది గీసేటప్పుడు ఎక్కువ జాగ్రత్త కావాలి. గుడ్డ మీద గీయకముందే కాగితం మీద గీసి చూపించి ఒప్పించుకున్నాను. ఇప్పుడు ఏటా నవంబరులో ఐదారు అట్లాంటివి పోతాయి.

చేయనివి కూడా కొన్ని ఉన్నాయి. దేవుడి ముఖం దిండు గలీబు మీద గీయను, కూర్చునే చాప మీద గీయను, కాలికి తగిలే దేని మీదా గీయను. ఒక హోటలువాళ్లు అరవై కుషన్ల మీద గణపతి కావాలని అడ్వాన్సు ఇవ్వబోయారు. అరవై ఒకేసారి అంటే నాకు నాలుగు నెలల పని. ఏనుగులు గీస్తాను, తామరలు గీస్తాను, గణపతి మాత్రం గోడకే అన్నాను. వాళ్లు ఇంకెక్కడో ప్రింటు వేయించుకున్నారు. పోయిన డబ్బు గుర్తొస్తే ఇప్పటికీ కొంచెం చివుక్కుమంటుంది. మళ్లీ వచ్చినా అదే చెబుతాను.

కాగితాల పని గురించి భయపడేవాళ్లకు నాలుగు మాటలు. చిన్న వ్యాపారాలకు చేసే ఉద్యమ్ నమోదుకు పైసా ఖర్చు లేదు, ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చొని చేసుకోవచ్చు. మా పక్కింటామె దగ్గర ఒక నెట్ సెంటరువాడు దానికి 1,500 తీసుకున్నాడు. కేంద్ర జౌళిశాఖ కింద హస్తకళల విభాగం ఇచ్చే పహచాన్ కార్డు తీసుకోండి, ప్రభుత్వ మేళాల్లో స్టాల్ అడగాలంటే అది పనికొస్తుంది. జీఎస్టీ సంగతి, సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రలో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటేదాకా నమోదు తప్పనిసరి కాదు. చేతిపని సరుకు వేరే రాష్ట్రానికి పంపితే మామూలు వ్యాపారుల్లా మొదటి రూపాయి నుంచే నమోదు అక్కర్లేదు, 20 లక్షల దాకా మినహాయింపు ఉంది. మీ సరుకు ఆ జాబితాలో ఉందో లేదో ఒకసారి ఆడిటరును అడిగి తెలుసుకోండి. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కుమ్మరి, శిల్పి, బొమ్మలు చేసేవాళ్లు ఉన్నారు, మా వ్రాతపని పేరు లేదు. నేను రెండుసార్లు ఆఫీసుకు పోయి ఈ ముక్క తెలుసుకొని వచ్చాను, మీరు బస్సు చార్జీ దండగ చేసుకోకండి. ముద్రా రుణంలో 50,000 దాకా ఇచ్చే శిశు విభాగం నాకు పనికొచ్చింది. ఆ డబ్బుతో రాగి గంగాళం, ఒక నెల పాలు, ఆరు నెలల గుడ్డ.

ఇక ప్రింట్లు. శ్రీకాళహస్తి కలంకారికి భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లవుతోంది. అయినా మిషను మీద వేసిన గుడ్డను కలంకారి అని బజారు బజారునా అమ్ముతున్నారు. ప్రింటు కొనడం తప్పేమీ కాదు, రెండొందలకు వస్తుంది, బాగానే ఉంటుంది. ప్రింటును చేతిపని అని అమ్మడమే తప్పు. నేను స్టాల్‌లో నా గుడ్డ పక్కనే ఒక ప్రింటు గుడ్డ కూడా పెడతాను, అమ్మడానికి కాదు, చూపించడానికి. వెనక్కి తిప్పమంటాను. ప్రింటు వెనక చాలాసార్లు వెలవెలబోయి ఉంటుంది. చేత్తో వేసిన రంగు గుడ్డలోకి దిగి వెనక కూడా కనిపిస్తుంది. తర్వాత గీత చూడమంటాను. కలం రంగులో ముంచి పెట్టిన చోట గీత కొంచెం లావుగా మొదలై, పోను పోను సన్నబడుతుంది, మళ్లీ ముంచిన చోట మళ్లీ లావు. ఆ తర్వాత ఒకే గుడ్డలో రెండు హంసలు ఉంటే పక్కపక్కన చూడమంటాను. నా రెండు హంసలూ ఎప్పుడూ ఒకటి కావు. ఒకదానికి మెడ కొంచెం పొడుగు. మిషనుకు ఆ తేడా రాదు. ఇట్లా చూపించిన తర్వాత పదిమందిలో ముగ్గురో నలుగురో కొంటారు. మిగిలినవాళ్లు ప్రింటు ఎక్కడ దొరుకుతుందని నన్నే అడుగుతారు, అడ్రసు చెబుతాను.

ఇప్పుడు నాతో నలుగురు ఆడవాళ్లు పని చేస్తారు. గీత నేర్పమని మొదటి రోజే అడిగిన అమ్మాయి ఒకతి ఉంది. గుడ్డ వెనక మూలన గీసినవాళ్ల పేరు, రంగు నింపినవాళ్ల పేరు, రెండూ రాస్తాం. పోయిన నెల ఆ అమ్మాయి మొదటిసారి దశావతారాల్లో మత్స్యావతారానికి కన్ను పెట్టింది. ఒక కన్ను కొంచెం కిందికి వచ్చింది. ఆ గుడ్డ అమ్మలేదు, ఇంట్లో పెట్టుకున్నాం.

చిల్లుల కాగితాలకు మాత్రం ఆ శిల్పారామం తర్వాత ఒక ఏర్పాటు చేసుకున్నాను. ప్రతి కాగితం మీద, కుడి చేతి మూలన, ఎర్ర సిరాతో ‘చక్రం’ అని రాస్తాను. తిరగేస్తే అక్షరాలు తిరగబడతాయి, వెంటనే తెలిసిపోతుంది. మా ఇంట్లో అట్లాంటి కాగితాలు ఇప్పుడు నూటపది ఉన్నాయి, శివుడి వాటి మీద కూడా ‘చక్రం’ అనే రాసి ఉంటుంది.

ఈ పని నేర్చుకోవాలని ఉన్నవాళ్లు కాళహస్తికి వస్తే మా ఇంటికి రండి. గుడి దక్షిణం వైపు ఎవరిని అడిగినా పాల వాసన వచ్చే ఇల్లు అని చూపిస్తారు. మంగళవారం మాత్రం రావద్దు. ఆ రోజు రైతు బోరు వేస్తాడు, మేమంతా కాలువలో ఉంటాం.